ఎర్ర కాళ్ళు

స్కూలు వెనక సందు, మేడమీద గది
సోమవారం

పిన్నీ,

నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. ఇక్కడ నాకు ఆటల పీరియడ్ ఇచ్చారు.

పై ఆఫీసు నుంచి ఒక కాగితం, ఒక పెట్టె వచ్చాయి. చిన్న క్లాసుల పిల్లలు రోజంతా కదలకుండా కూర్చుంటున్నారని, రోజూ ఒక గంట పరిగెత్తించాలని, గెంతించాలని కాగితంలో ఉంది. దాని మీద ఒక లావుపాటి పిల్లవాడి బొమ్మ వేశారు. అంత లావు పిల్లవాడు కావాలంటే మా స్కూల్లో ముగ్గుర్ని కలిపి కుట్టాలి. పెట్టెలో బంతులు, తాళ్ళు, రబ్బరు రింగులు ఉన్నాయి. ఇక్కడ హెడ్మిస్ట్రెస్‌ని పెద్ద టీచర్ అంటారు. ఆవిడ స్టాఫ్ రూములో అందరివైపూ చూసింది. అందరూ తల వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను. నా తల ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి ఆవిడకి తేడా తెలియలేదు. "నువ్వు చూసుకో అమ్మా, చిన్నదానివి" అంది.

నేను జన్మలో ఆట ఆడలేదు. కాన్వెంటులో ఆటల గంట కొట్టగానే కడుపునొప్పని లైబ్రరీ మెట్ల మీద కూర్చునేదాన్ని. సిస్టరుకి తెలుసు. పాపం ఊరుకునేది.

స్కూలు చిన్నది. ఒక పక్క నూలు మిల్లు గోడ, రెండో పక్క మిల్లు వాళ్ళ ఇళ్ళ సందు. అదే సందు చివర నా గది. స్కూలు వెనక గ్రౌండు ఉంది. బురద కాకుండా ఎప్పుడో ఇటుక పొడి పోయించారట. కుంకుమ రంగు నేల, చుట్టూ గోడ. చూడటానికి బాగుంటుంది.

మొదటిరోజు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి "పరిగెత్తండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాను. ఒకడు ఏడవడం మొదలుపెట్టాడు. అప్పుడు అందరూ కదిలారు. గోడ వెంట, ఒకరి వెనక ఒకరు, మాటా పలుకూ లేకుండా. చివరి పిల్ల రెండు అరచేతులూ వెనక పిక్కలకి అడ్డం పెట్టుకుని వంగి పరిగెత్తుతోంది. ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు. ఒక చుట్టు తిరిగి నా ముందు ఆగి, ఆయాసపడుతూ అడిగింది: "మేమేం తప్పు చేశాం టీచర్?"

తర్వాత తెలిసింది. ఈ స్కూల్లో తప్పు చేసినవాళ్ళే పరిగెత్తుతారు. డ్రిల్లు మాస్టారు అని ఒకాయన ఉన్నారు. లెక్క తప్పైనా, పలక పగిలినా, పక్కవాడితో మాట్లాడినా గ్రౌండు చుట్టూ పరుగు. బెత్తం పుచ్చుకుని ఆయన కూడా నడుస్తాడు. వెనకబడ్డవాళ్ళ పిక్కల మీద పడుతుంది. చాలా ఏళ్ళుగా ఇదే పద్ధతి.

ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు. ఈ వంశంలో పరిగెత్తినదానివి నువ్వొక్కదానివే.

నీ పురుగు


డిపో, ఆడ కండక్టర్ల గది
గురువారం

ఒసేయ్ పుస్తకాల పురుగా,

నవ్వానే. పక్కనున్నవాళ్ళు పిచ్చెక్కిందేమోనని చూశారు. నువ్వు! ఆటలు! మీ అమ్మకి చెబితే మా అక్క కళ్ళు తిరిగి పడిపోతుంది. చిన్నప్పుడు నిన్ను వీధిలోకి తోస్తే గడప పట్టుకుని వేలాడేదానివి.

సరే విను. ముందు ఆ "పరిగెత్తండి" అనే మాట మానెయ్. "పట్టుకోండి" అను. వరసలో నిలబెట్టకు. వరస చూస్తేనే పిల్లలకి దెబ్బలు గుర్తొస్తాయి. ఒకర్ని దొంగని చెయ్యి. దొంగ ఎవర్ని ముట్టుకుంటే వాళ్ళు దొంగ, పాత దొంగ పారిపోవాలి. అంతే. దీనికి బంతీ అక్కర్లేదు, పై ఆఫీసూ అక్కర్లేదు. ఏడుస్తున్నవాణ్ణి మొదటి దొంగని చెయ్యి. ఏడుపు మర్చిపోతాడు. ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టావో, వచ్చి జుట్టు పీకుతా.

ఆ డ్రిల్లు మాస్టారు నా బస్సు ఎక్కితే బాగుండు. మొన్న ఒకడు చిల్లర విషయంలో నోరు పారేసుకుంటే గంట కొట్టి నడిరోడ్డు మీద దింపేశా. బస్సంతా చప్పట్లు.

పెన్ను ఎవడో కొట్టేశాడు, అందుకే పెన్సిలు.

నీ కండక్టరు


మేడమీద గది
బుధవారం సాయంత్రం

పిన్నీ,

ఆడారు!

రెండు రోజులు బెదిరిపోయి చూశారు. ఇవాళ పిడుగుని దొంగని చేశాను. అది కాసేపు అటూ ఇటూ చూసి, "ఎవర్నైనా ముట్టుకోవచ్చా? నన్ను ఏమీ అనరా?" అంది. అనను అన్నాను. అది తూటాలా వెళ్ళి అందరికన్నా పొడుగువాణ్ణి ముట్టుకుని వచ్చేసింది. వాడు బిత్తరపోయాడు. తర్వాత వాడికి కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత ఎవరు ఎవర్ని తరుముతున్నారో నాకే తెలియలేదు. అంత అరుపు ఈ గోడల మధ్య ఎన్నడూ పుట్టి ఉండదు. మిల్లు కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూశారు. డ్రిల్లు మాస్టారు వరండాలో నిలబడి చూశాడు, ఏమీ అనలేదు.

నేను గోడకి ఆనుకుని విజిల్ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఊదడం రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. అయినా నవ్వలేదెవరూ, అంత తీరిక లేదు వాళ్ళకి.

గంట కొట్టాక చూస్తే పిల్లలందరూ మోకాళ్ళ దాకా ఎర్రగా ఉన్నారు. ఇటుక పొడి. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చూసుకుని గప్‌చుప్‌గా అయిపోయారు. అలిసిపోయారనుకున్నాను. అలాగే ఇళ్ళకి పంపేశాను. సందులో వాళ్ళు వరసగా నడిచివెళుతుంటే, ఎర్రటి మేజోళ్ళు తొడుక్కున్నట్టు ముద్దుగా ఉంది.

ఇది రాస్తుంటే కింద సందులో గొడవగా ఉంది. పిల్లల ఏడుపులు. ఒక ఇంట్లోంచి కాదు, చాలా ఇళ్ళలోంచి. మిల్లు వదిలే వేళ కదా, రోజూ ఇలాగే ఉంటుందేమో. కిటికీ వేసుకుని చదువుకుంటాను.

నీ పురుగు


మేడమీద గది
గురువారం

పిన్నీ,

నిన్నటి ఉత్తరం చింపెయ్యి.

ఇవాళ క్లాసులో సగంమంది నిలబడే పాఠం విన్నారు. కూర్చోలేక. ఒకడి చెవి వెనక చర్మం లేదు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళకి మిల్లు తోలుపట్టాతో పడ్డాయి. పట్టా మీద ఉండే మేకుల గుర్తులు వాళ్ళ తొడల మీద వరసగా ఉన్నాయి. పిడుగు పై పెదవి రెండుగా చీలింది. "మా నాన్న తలుపు దగ్గర కాళ్ళు చూస్తాడు టీచర్" అంది, పెదవి కదలకుండా.

ఈ సందులో అందరూ చూస్తారట. మిల్లులో పని చేసి వచ్చినవాళ్ళు దూది అంటుకుని తెల్లగా ఉంటారు. తలుపు దగ్గర నిలబడి పిల్లల కాళ్ళు చూస్తారు. ఎరుపు కనపడితే ఆ రోజు స్కూల్లో శిక్ష పడిందని అర్థం. స్కూల్లో పడినవాడికి ఇంట్లో మళ్ళీ పడాలి. అడగడం ఉండదు. నిన్న నేను ఒక్క పిల్లని కూడా వదలకుండా అందరికీ కాళ్ళు ఎర్రచేసి ఇంటికి పంపాను.

ఆ ఏడుపులు విన్నాను పిన్నీ. విని కిటికీ వేసుకున్నాను.

ఇవాళ గ్రౌండుకి రమ్మంటే ఎవరూ రాలేదు. నేనూ బలవంతం చెయ్యలేదు.


డిపో
శనివారం

అమ్మాయ్,

రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది చదివి నవ్వి, రెండోది చదివి అన్నం తినలేదు.

ముందు ఏడుపు ఆపు. నీకు ఎవరైనా చెబితే కదా తెలిసేది? ఆ పెద్ద టీచరుకి తెలుసు, ఆ డ్రిల్లుగాడికి తెలుసు. వరండాలో నిలబడి చూశాడన్నావే, వాడికి బాగా తెలుసు. సాయంత్రం ఏం జరుగుతుందో తెలిసీ చూస్తూ నిలబడ్డాడు.

ఇళ్ళకి వెళ్ళి చెప్పు. నీకు నోరు పెగలదు, సరే. పెగిలేదాకా పిల్లల కాళ్ళు కడిగి పంపు. కుళాయి ఉందిగా? ఆట మాత్రం ఆపకు. ఇప్పుడు ఆపితే తన్నులకి ఫలితం ఉందని అందరికీ తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఆ డ్రిల్లుగాడు నీ పిల్లల మీద చెయ్యి వేస్తే నువ్వు ఒక్కటి పీకు. నీ దగ్గర ఉండే ఆ లావు డిక్షనరీతో అయినా సరే. కొన్ని జాతులకి మాటలు ఎక్కవు. నా సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే.

నీ పిన్ని


మేడమీద గది
వానలు పడుతున్నాయి

పిన్నీ,

కుళాయి ఉపాయం పని చేస్తోంది. ఆట అవ్వగానే కుళాయి దగ్గరికి వెళతాం. పెద్దపిల్లలు చిన్నపిల్లల కాళ్ళు తోముతారు. గోళ్ళ సందుల్లో ఉండిపోతుందని పిడుగు పుల్ల పెట్టి తీస్తుంది. అందరి కాళ్ళూ తనిఖీ చేసి, "పాస్, పాస్, నువ్వు ఫెయిల్, మళ్ళీ కడుక్కో" అంటుంది. సాయంత్రం సందులో ఏడుపులు లేవు. రోజూ కిటికీ తీసి వింటున్నాను.

ఇళ్ళకి మాత్రం వెళ్ళలేదు. ఒక తలుపు దాకా వెళ్ళి వచ్చేశాను. తిట్టు.

డ్రిల్లు మాస్టారికి కష్టం వచ్చింది. ఆయన శిక్షవేసి పరిగెత్తించిన పిల్లలు కూడా ఇప్పుడు ఒకర్నొకరు ముట్టుకుంటూ నవ్వుతున్నారు. తర్వాత మాతో పాటు కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోతున్నారు. నిన్న స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవని మొదటిసారి చూశాను.

"ఏం చూస్తున్నారు టీచరమ్మా? మిల్లు తినేసింది. వీళ్ళ వయసుకన్నా ఒక పిసరు పెద్దవాణ్ణి. పక్కవాడు పిలిస్తే తిరిగి చూశాను. అంతే" అన్నాడు.

నేను చూపు తిప్పుకున్నాను.

"వీళ్ళందరూ రేపు ఆ గోడ అవతలికే వెళతారు. మీ పుస్తకాల్లోకి కాదు. అక్కడ కదలకుండా నిలబడ్డవాడికి చేతులుంటాయి, గెంతేవాడికి ఉండవు. నేను కొట్టేది ఎందుకనుకున్నారు, సరదాకా? నా దెబ్బ వారంలో మానుతుంది" అన్నాడు. తర్వాత చాలా మెల్లిగా, "ఆ కాళ్ళు కడగడం ఆపండి" అన్నాడు.

ఆపనని అనాలనుకున్నాను. లేచి వచ్చేశాను. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు పిన్నీ, అదే నన్ను తినేస్తోంది.

నీ పెన్ను ఇంకా దొరకలేదా? కొత్తది కొనుక్కోరాదూ. అక్షరాలన్నీ కొండెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి.

నీ పురుగు


మేడమీద గది
మంగళవారం

పిన్నీ,

స్కూల్లో చిన్న గొడవ జరిగింది. ఇప్పుడు సర్దుకుంది. నాకు మణికట్టు కొంచెం బెణికింది, ఎక్కువ రాయలేను. నువ్వు ఎలా ఉన్నావు?

నీ పురుగు


డిపో
ఆదివారం

చిన్న గొడవా?

మీ ఊరి రూటు డ్రైవరు నన్ను చూడ్డానికి వచ్చి, "మీ అక్కకూతురు ఒకాయన్ని చావగొట్టిందటగా, మిల్లంతా అదే మాట" అన్నాడు. ఇంకెవరో అయి ఉంటుంది, మా పిల్ల చీమ కనపడితే దారి మార్చుకుంటుందని చెప్పా. "కళ్ళజోడు, లావు జడ, మాట్లాడదు" అన్నాడు. ఇంకెవరే?

నాతో దాస్తావా? జరిగింది జరిగినట్టు రాయి. కామాతో సహా.

పిన్ని


మేడమీద గది
బుధవారం

పిన్నీ,

రాస్తున్నాను.

సోమవారం ఆట అయ్యేసరికి కుళాయికి తీగ చుట్టి తాళం వేసి ఉంది. పిల్లలు ఎర్ర కాళ్ళతో నిలబడిపోయారు. ఇంటికి వెళ్ళే గంట కొట్టేశారు. నేను తాళంచెవి కోసం పెద్ద టీచర్ గదికి వెళ్ళాను. ఆవిడ "మాస్టారిని అడుగు" అంది. తిరిగి వచ్చేసరికి పిడుగు రాయి పుచ్చుకుని తాళాన్ని కొడుతోంది. ఒక చిన్నవాడు దాని గౌను పట్టుకుని ఏడుస్తున్నాడు. "ఉండరా, వచ్చేస్తుంది, ఇవాళ నీకు పడవు" అంటోంది వాడితో.

డ్రిల్లు మాస్టారు వెనకనుంచి వచ్చి దాని చెయ్యి పట్టుకున్నాడు. వెనక్కి మెలిపెట్టి పైకి ఎత్తాడు. పిల్ల కాళ్ళు నేలకి అందలేదు. చప్పుడు వినపడింది. అంత చిన్న చేతిలో అంత చప్పుడు ఉంటుందనుకోలేదు. అది అరవలేదు. నోరు తెరిచింది, అంతే.

వరండాలో గంట కొట్టే ఇనుప కడ్డీ వేలాడుతూ ఉంటుంది. అది నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదని రాయొచ్చు, కథల్లో అలాగే రాస్తారు. నాకు తెలుసు. నడిచివెళ్ళి కొక్కెం నుంచి తీశాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. తలకి గురిపెట్టాను, తప్పింది. ఆయన పిల్లని వదిలేసి తిరిగాడు. రెండోది తలకి తగిలింది. కూర్చుండిపోయాడు. చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మూడు వేళ్ళ చెయ్యి కూడా. దాని మీద కొట్టాను. కూర్చున్న మనిషిని, తిరిగి కొట్టని మనిషిని, ఇంకా కొట్టాను. ఏదో అరుస్తున్నాను. ఏమరిచానో ఎవర్ని అడిగినా చెప్పడంలేదు. పెద్ద టీచర్, వంటామె కలిసి నన్ను లాగారు.

ఇటుక పొడి మీద రక్తం కనపడదు. తడి మాత్రమే కనపడుతుంది.

ఇంకొక మాట ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. బాగుంది పిన్నీ. కొడుతున్నంతసేపూ బాగుంది. వెచ్చగా, తేలికగా. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇది ఇంత బాగుంటుందని ఒక్కటీ చెప్పలేదు.

ఆయన తలకి కుట్లు పడ్డాయి. పోలీసులకి చెప్పలేదు. కుళాయి దగ్గర జారిపడ్డానని ఆసుపత్రిలో రాయించాడట. నా చేతిలో తన్నులు తిన్నానని ఎలా చెప్పుకుంటాడు? పిడుగు చేతికి మోచేతి పైదాకా ప్లాస్టరు వేశారు.


డిపో
శనివారం

నా బంగారుకొండా!

మూడుసార్లు చదివా. గట్టిగా చదివి వినిపించా. డిపో అంతా కాఫీలు తాగించా. "మా అక్కకూతురు! కాన్వెంటు పిల్ల! గంట కొట్టే కడ్డీతో వాడి గంట మోగించింది!" అని ఊరేగించా నిన్ను.

బాగుంటే బాగుండనీ. దానికి ఏడుపెందుకు? వాడు ఇన్నేళ్ళు బాగుందనే కదా కొట్టింది. ఒక్కరోజు నీకు బాగుంటే కొంప మునిగిందా? మణికట్టుకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. ఇక ఆ పిల్లలు హాయిగా ఆడుకుంటారు. నా మాట రాసిపెట్టుకో.

నీ పిన్ని


మేడమీద గది
గురువారం

పిన్నీ,

నీ మాట రాసిపెట్టుకున్నాను. జరిగింది చెబుతాను.

డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టేశాడు. పెద్ద టీచర్ ఆయన బెత్తం తెచ్చి నాకిచ్చింది. "ఇన్నాళ్ళూ నువ్వు దేనికీ పనికిరావనుకున్నానమ్మా" అంది. మెచ్చుకుంటోంది.

పిడుగు నాన్న వచ్చాడు. దూది అంటిన మీసాలు. తన్నడానికి వచ్చాడనుకున్నాను. దణ్ణం పెట్టాడు. "మీలాంటోళ్ళే కావాలి టీచర్. దీని ఒక చెయ్యి పోతే పోయింది, రెండోది ఉందిగా. మాట వినకపోతే మొహమాటపడకండి" అన్నాడు. పిల్ల పక్కనే నిలబడి వింది.

నాకు నోరు పెగిలింది. ఎర్ర కాళ్ళు శిక్ష కాదని, అందుకు పిల్లల్ని కొట్టినవాళ్ళ ఇంటికి నేనే వస్తానని అన్నాను. మర్నాడు మిల్లు గేటు దగ్గర షిఫ్టు వదిలినప్పుడు అందరికీ అదే చెప్పాను. ఎవరూ ఎదురుచెప్పలేదు. నా చేతులవైపు చూశారు. ఇప్పుడు సందులో ఆ దెబ్బలు ఆగిపోయాయి. కాళ్ళు కడగక్కర్లేదు. నా మాటవల్ల కాదు, కడ్డీవల్ల. అది పని చేసింది, కాదనను.

కానీ పిల్లలు ఆడటంలేదు.

రమ్మంటే వస్తారు. ఆడమంటే పరిగెత్తుతారు. గోడ వెంట, ఒకరి వెనక ఒకరు, నోరు విప్పకుండా. నేను దగ్గరికి వెళితే అరచేతులు వెనక్కి వెళ్ళి పిక్కలకి అడ్డం పడతాయి. నా దెబ్బకి భయపడి పిన్నీ. ఆగమంటే ఒక్క అడుగు ఎక్కువ వెయ్యరు. ఒకడి భుజం మీద చెయ్యి వేస్తే నిక్కరు తడిసిపోయింది. పిడుగు ప్లాస్టరు చెయ్యి పట్టుకుని గోడ దగ్గర నిలబడుతుంది, నా ముఖం చూడదు. మొన్న పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చూసి, ఇంత క్రమశిక్షణగా వ్యాయామం చేసే పిల్లల్ని ఎక్కడా చూడలేదని నా చెయ్యి ఊపేశాడు.

కాఫీలు తాగించానన్నావు. నాకు ఆ కాఫీ వద్దు. నిజంగా అడుగుతున్నాను, ఇప్పుడేం చెయ్యాలి?

నిజంగా అడుగుతున్నాను కాబట్టి ఇదీ అడుగుతాను. నెలల తరబడి పెన్సిలెందుకు? మా ఊరి రూటు డ్రైవరు నిన్ను చూడ్డానికి రావడమేమిటి? రోజూ కనపడేవాళ్ళు చూడ్డానికి రారు కదా.


ఆసుపత్రి, ఎముకల వార్డు
సోమవారం

చదివిన పిల్లతో ఇదే చిక్కు.

డిపోలో లేను. నీకు ఆ ఉద్యోగం రాకముందునుంచీ ఇక్కడే ఉన్నా. నీ ఉత్తరాలు డిపో వాళ్ళు తెచ్చిస్తున్నారు. తుంటి ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. వెల్లకిలా పడుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు, అందుకే పెన్సిలు. మీ అమ్మకి చెప్పొద్దన్నా. వచ్చి నెత్తిన కూర్చుని ఏడుస్తుంది.

బస్సులో ఒకడు స్కూలుపిల్ల మీద చేతులు వేస్తుంటే చెంప పగలగొట్టా. అక్కడితో ఆపొచ్చు. వాడు కిందికి వంగాక ఇంకో రెండు తగిలించా. నువ్వు రాశావే, బాగుందని. నాకూ బాగుంది. తర్వాతి స్టాపులో వాడు దిగుతూ కాలితో తన్నాడు. ఫుట్‌బోర్డు మీద ఉన్నా. వెనక చక్రం నడుం దాకా రాలేదు, నా అదృష్టం.

నాకు నొప్పి అది కాదు. ఆ పిల్ల. రోడ్డు మీద పడి ఉండి, దాని ముఖం చూశా. అది వాణ్ణి చూసి బెదరలేదే. నన్ను చూసి బెదిరింది. పుస్తకాల సంచి గుండెకి అదుముకుని పరిగెత్తింది, తిరిగి చూడలేదు. దానికోసమే కదే కొట్టింది?

ఇక్కడ పడుకుని వాణ్ణి రోజూ మనసులో కొడుతున్నా. చెయ్యి ఎలాగూ లేవదు కాబట్టి నీ చేత్తో కొట్టించా. కాఫీలు లేవు, ఊరేగింపు లేదు. ఆయా ఒక్కతే వింది, ఆవిడకి చెవుడు.

ఏం చెయ్యాలో నాకు తెలియదు. పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో రాశావు, ఎవరు దొంగో రాశావు. నువ్వు గోడకి ఆనుకుని నిలబడ్డావని రాశావు. ఒక్కసారైనా ఆడావా?

పిన్ని


మేడమీద గది
శుక్రవారం

పిన్నీ,

అమ్మకి చెప్పేశాను. బుధవారం బస్సెక్కుతోంది. తిట్టుకో.

బెత్తం తీసుకెళ్ళి పెద్ద టీచర్ బల్ల మీద పెట్టాను. నన్ను చూసి ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. డ్రిల్లు మాస్టారి ఇంటికీ వెళ్ళాను. తలుపు తీశాడు. తలకి కట్టు ఉంది. నేను "మాస్టారూ" అనేలోగా తలుపు వేసేశాడు. గడియ పెట్టిన చప్పుడు, దాని మీద ఇంకో గడియ చప్పుడు వినపడ్డాయి. అది అలాగే ఉంటుంది. నేను సరిచెయ్యగలిగింది కాదు.

గ్రౌండులో "ఇవాళ దొంగ నేనే" అన్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని పరిగెత్తాను. నాకు పరిగెత్తడం రాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, కళ్ళజోడు జారుతుంది. నేను వెళ్ళి ముట్టుకుంటే పిల్లలు కదలకుండా నిలబడి కళ్ళు మూసుకున్నారు. దెబ్బ పడుతుందని. "ఇప్పుడు నువ్వు దొంగ" అని చెప్పి పారిపోయాను. ఎవరూ వెంటపడలేదు. ఎవరూ తరమకుండా ఒక్కర్తినే పారిపోవడం ఎంత వెర్రిగా ఉంటుందో నీకు తెలియదు. గోడ దాకా వెళ్ళి, ఆయాసపడి, తిరిగి వచ్చి, ఇంకొకర్ని ముట్టుకుని, మళ్ళీ పారిపోయాను. మిల్లు కిటికీల్లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "టీచరమ్మకి ఏదో పట్టినట్టుందే" అని ఒకావిడ పైకే అంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు బోర్లాపడి మోచేతులు గీరుకున్నాయి, కళ్ళజోడు కాడ విరిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. దారం కట్టుకుని మళ్ళీ పరిగెత్తాను. వారం గడిచింది. ఒకడు, నేను ముట్టుకుంటే కళ్ళు మూసుకోలేదు. ఒక పిల్ల రెండడుగులు నా వెనక వచ్చి ఆగిపోయింది. అంతవరకే.

ఇవాళ పిడుగుని ముట్టుకున్నాను. ఎన్నాళ్ళుగానో దాని దగ్గరికి వెళ్ళడానికి నాకే ధైర్యం లేదు. మంచి చేతి భుజం మీద, వేలి కొసతో. "నువ్వు దొంగ" అన్నాను. అది గోడవైపే చూస్తోంది. నేను అలవాటు ప్రకారం వెర్రిదానిలా పారిపోయాను.

వీపు మీద పడింది. రెండు భుజాల మధ్య, ప్లాస్టరు చెయ్యి, బలమంతా పెట్టి. ఊపిరి ఆగిపోయి మోకాళ్ళ మీద పడ్డాను. తిరిగి చూస్తే పిడుగు నిలబడి ఉంది, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాని పెదాలు తెల్లబడ్డాయి. పిల్లలందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి చూస్తున్నారు, నేనేం చేస్తానోనని.

చాలా నొప్పెట్టింది పిన్నీ. ఒక్క క్షణం నా చెయ్యి లేచింది కూడా. దాచను నీ దగ్గర.

"దొంగ మీరే టీచర్" అంది పిడుగు.

"అయితే నిలబడ్డావేం? పారిపోవే!" అన్నాను.

అది నన్ను చూసింది. ఇంకా నమ్మలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. నేను లేచి దుమ్ము కూడా దులుపుకోకుండా ఒక అడుగు ముందుకి వేశాను. అప్పుడు అది కెవ్వున అరిచి పరిగెత్తింది, గోడ వెంట కాదు, గ్రౌండుకి అడ్డంగా. అది అరిచేసరికి అందరూ అరిచి చెల్లాచెదురయ్యారు. నేను ఎవరి వెనక పడాలో తెలియక, అందరి వెనకా పడ్డాను.

నీ పురుగు